పిలుపునకు బదులు

ఆహ్వానపత్రికల భాషలో మనకు లోటు లేదు. "బంధుమిత్ర సపరివార సమేతముగా విచ్చేసి, మదర్పిత చందన తాంబూలములు స్వీకరించి" అను వాక్యము తాతలనాటినుండి చెక్కుచెదరక వచ్చుచున్నది. పిలుపు నందుకొన్నవారు బదులు చెప్పవలెనన్న మాట మాత్రము అందు కానరాదు. కొందరు అడుగున ఆర్.ఎస్.వి.పి. అని అచ్చువేయింతురు. "దయచేసి బదులీయుడు" అని ఆ ఫ్రెంచి అక్షరముల యర్థము. దానిని మనవారు పత్రికకొక యలంకారముగా నెంచి విడిచిపెట్టుచున్నారు.

వర్తూరు ప్రాంతమున శుభకార్యము తలపెట్టిన తెలుగు గృహస్థు పాట్లు చూడుడు. "వచ్చెదరా?" యని యడిగినచో "చూద్దాములెండి" అను మాటయే వినవచ్చును. వాట్సాపులో పిలిచినచో చేతులు జోడించిన బొమ్మ యొకటి తిరిగివచ్చును. అది రాకకు గుర్తా, సెలవునకు గుర్తా? వంట కాంట్రాక్టరునకు ముందుగా విస్తళ్ళ లెక్క చెప్పక తప్పదు. 500 అన్నచో 300 మంది వత్తురు. 300 అన్నచో 500 మంది వత్తురు. మొదటి పక్షమున అన్నము పారబోత. రెండవ పక్షమున కడబంతివారికి నీళ్ళమజ్జిగ, ఇంటివారికి తలవంపులు.

"పూర్వమీ లెక్కలుండెనా?" యని పెద్దలడుగుదురు. ఉండెను. గడపగడపకు వెళ్ళి బొట్టుపెట్టి పిలిచిననాడు బదులు ఆ గడపలోనే దొరకెడిది. బంతి పెరిగినచో ఇరుగుపొరుగువారే మరియొక గుండిగ పొయ్యి కెక్కించెడివారు. నేడు మంటపము అద్దెది, వంట గుత్తకిచ్చినది, విస్తరికింత యని ధర. పద్ధతులన్నియు మారినవి, మన "చూద్దాము" మాత్రము మారలేదు.

శుభకార్యమునకు "రాము" అనుట అశుభమని మరికొందరి వాదము. దీనిని నేనంగీకరింపను. బియ్యము లేనప్పుడు "నిండుకొన్నవి" అందుము. పోవునప్పుడు "వెళ్ళివచ్చెదము" అందుము. లేమిని సైతము నిండుదనముగా పలుకగల భాష మనది. "ముహూర్తమునకు అందుకొనలేము, మరియొకనాడు వచ్చి దంపతుల నాశీర్వదించెదము" అని పలుకజాలదా? లోపము భాషయందు లేదు, మన సోమరితనమునందున్నది.

అతిథులను లెక్కించుట లోభమనువారును కలరు. 2012లో బెంగుళూరు వ్యవసాయ విజ్ఞాన విశ్వవిద్యాలయ ఆచార్యులు నగరములోని కల్యాణమంటపములను పరిశీలించి, పెండ్లిండ్లలో ఏటా 943 టన్నుల మంచి ఆహారము వ్యర్థమగుచున్నదని అంచనా వేసిరి. వంటకముల సంఖ్య పెరుగుటయు ఇందుకొక కారణమే. కాని తినువారెందరో తెలియక వండుట యెట్టి దానము? అన్నము పరబ్రహ్మస్వరూపమని పలికి దానిని తొట్టిపాలు చేయుట కంటె, విస్తళ్ళు లెక్కపెట్టుటయే ధర్మము.

అన్నిటికంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. ఈ కన్నడసీమలో మనము కొలదిమందిమి. నలుగురు కూడి తెలుగున ముచ్చటించు తావులు ఈ పెండ్లిపందిళ్ళు, ఉగాది విందులు. బదులు రాని యింటికి రెండవమారు పిలుపు వెళ్ళదు. పిలుపులు లేని యింటి పిల్లలకు మేనత్త యెవరో, పినతాత యెవరో తెలియదు. వరుసలు పోయిన వెనుక వరుసలను పిలుచు మాటలును పోవును.

కావున పిలుచువారు పత్రికపై "ఫలానా తేదీలోపల తెలుపగోరెదము" అని తెలుగుననే వ్రాయుదురుగాక. సపరివారముగ పిలువ శక్తిలేనివారు ఆ మాట అచ్చువేయింపకుందురుగాక. రాలేమన్నవారిపై అలుక పూనరాదు. పిలువబడినవారు వారము తిరుగకమున్నే మూడు సంగతులు తెలుపవలెను: వచ్చుట నిజమా, ఎందరు, ఏ పూట భోజనము. అనుకొనని అడ్డంకి వచ్చినచో వెంటనే ఫోను చేయవలెను.

పిలిచినవాడు తన గౌరవమును మన చేతిలో పెట్టినాడు. బదులీయక దానిని గాలిలో వ్రేలాడదీయుట మర్యాద కాదు.