వాడని తలుపు మూసేద్దాం

బదిలీల వల్ల మా అక్కాతమ్ముళ్ళకు ఒక అలవాటు వచ్చింది. కొత్త క్వార్టర్సులో దిగగానే, సామాను విప్పకముందే ఇల్లంతా తిరిగి తలుపులు, గడియలు చూస్తాం. ముందున్నవాళ్ళు ఏ తలుపు ఎందుకు తెరిచి ఉంచారో మనకు తెలియదు కదా! కంప్యూటరులో లినక్స్ వేసుకున్నప్పుడూ ఇలాగే చూసుకోవాలని మా అభిప్రాయం.

యూనిక్స్ తరహా వ్యవస్థల్లో కొన్ని నెట్‌వర్క్ సేవలు మనం అడగకుండానే మొదలవుతాయి. ఒక్కో సేవ ఒక్కో పోర్టు దగ్గర పిలుపు కోసం కాచుకుని ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌ది 22, టెల్నెట్‌ది 23, ప్రింటరు పని చూసే కప్స్‌ది 631.

తెరిచి ఉంటే ఏమవుతుంది? 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాము సెండ్‌మెయిల్, ఫింగర్ సేవల్లోని లోపాల గుండా ఎన్నో యూనిక్స్ యంత్రాల్లోకి దూరింది. ఫింగర్ చేసే పని, యంత్రంలో ఎవరున్నారో చెప్పడం! అంత చిన్న కిటికీ చాలింది. ఓపెన్‌బీఎస్‌డీ అయితే అత్యవసరం కాని సేవలను మూసి ఉంచే మనకు ఇస్తుంది.

అలాగని కళ్ళు మూసుకుని అన్నీ ఆపకూడదు. మేము ఆ పనే చేశాం. మర్నాడు ప్రాజెక్టు ప్రింటు రాలేదు. కప్స్‌ను ఆపింది మేమే! అప్పటి నుంచి ఆపిన ప్రతి సేవ పేరూ నోటుపుస్తకంలో రాస్తున్నాం.

"ఇంట్లో రౌటరు ఉంది, భయమెందుకు?" అని కొందరు మిత్రులు అంటారు. ఆ రౌటరు మనతో రాదు కదా! ఈ ఏడు పుదుచ్చేరి, వచ్చే ఏడు మరో ఊరు. దారిలో స్టేషను వైఫై, గెస్ట్‌హౌస్ వైఫై. ఇల్లు మారే పిల్లల కంప్యూటరు తన గడియ తనే వేసుకోవాలి.

ముందు 'ఎస్‌ఎస్' ఆదేశంతో ఏ పోర్టులు వింటున్నాయో చూడండి. ఆ సేవ ఏమిటో తెలుసుకోండి. అక్కరలేనిదైతే 'సిస్టమ్‌సీటీఎల్'తో ఆపండి. 'స్టాప్' ఒక్కటే చాలదు. 'డిసేబుల్' కూడా చేయకపోతే కంప్యూటరు మళ్ళీ వేయగానే అదీ లేస్తుంది. బడి ల్యాబులో మాత్రం టీచరుగారిని అడగకుండా ఏదీ ముట్టుకోవద్దు.

ఇక్కడి తమిళ వీధుల్లో పాత ఇళ్ళకు వీధివైపు తిన్నె ఉంటుంది. మనం తిన్నె అనేదాన్నే వీళ్ళు తిణ్ణై అంటారు. దారిన పోయేవారు దానిమీద కాసేపు కూర్చోవచ్చు. లోపలి తలుపుకు మాత్రం గడియ ఉంటుంది. కంప్యూటరూ అలా ఉంటే చాలు.