హీరో ఈదిన నీళ్ళలో మోకాలి దాకానే!

సినిమాలో చూసిన చోట కాలు పెట్టాల్సిందేనన్న పిచ్చి మీకూ ఉంది కదూ? ఆ పిచ్చే నన్ను థాయ్‌లాండ్ ఫీఫీ దీవులకు లాక్కెళ్ళింది.

పెద్ద దీవిలో లాంగ్‌టెయిల్ పడవ మాట్లాడుకుని, జనావాసం లేని చిన్న దీవి ఫీఫీ లే వైపు బయల్దేరాను. నిటారైన సున్నపురాతి కొండల మధ్య దాక్కున్నట్టుంటుంది మాయా బే. లియొనార్డో డికాప్రియో 'ది బీచ్' (2000) తీసింది ఇక్కడే.

నేరుగా లోపలికే పోతామని హీరోలా పడవ ముందు నుంచున్నాను. పడవతను నవ్వి, దీవి వెనక్కి తిప్పాడు! అక్కడ దిగి చెక్కబాటన నడవాలట. ఈతా కుదరదట.

ఎందుకంటారా? సినిమా చూసి మనలాంటి వాళ్ళు రోజుకి వేలల్లో వచ్చిపడ్డారు. పడవలూ లంగర్లూ తగిలి పగడపు దిబ్బలు చితికిపోయాయి. 2018 జూన్‌లో మూసేసి, పగడాలు నాటి, 2022 జనవరిలో తెరిచారు. పడవల రొద ఆగేసరికి, రెక్క కొసన నలుపున్న సొరచేపలు తిరిగొచ్చాయి.

మోకాలి లోతులో నుంచుంటే ఓ సొరపిల్ల అల్లంత దూరాన నీడలా సాగిపోయింది.

అభిమాన తార కనబడితే మీదపడి చొక్కా చించేస్తామే, ఆ తీరాన్నీ అలాగే చేశాం. కాస్త దూరంగా నుంచుని చూడ్డం కూడా అభిమానమేనండీ!