రంగు చేపల వ్యాపారం: కుళాయి నీటి గుణమెరిగి చేపను విడవండి

రంగు చేపల దుకాణదారులు, పెరటి తొట్టెలలో చేపపిల్లలు పెంచే ఋణగ్రహీతలు మాబోటి క్షేత్రాధికారులను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "కుళాయి నీటి పి.హెచ్. ఎనిమిది దగ్గర ఉన్నది, ఏడుకు దించడానికి ఏ మందు వేయాలి?" అని. నా అభిప్రాయాన్ని మొదటనే మనవి చేస్తాను. పుదుచ్చేరి పట్టణంలో కొత్తగా గాజుతొట్టి పెట్టేవారికి ఆ మందుతో పని లేదు. నీటిని ఒకరోజు నిలవనిచ్చి, దాని గుణం తెలుసుకొని, ఆ గుణానికి తగిన చేపలను కొద్దికొద్దిగా విడిచిపెడితే చాలు. మందు సీసాలు అమ్మే వ్యాపారులకు ఈ మాట రుచించకపోవచ్చు. కాని తొట్టి కొన్న వారం రోజులకే చేపలు చచ్చి తేలితే ఆ కొనుగోలుదారు మళ్లీ దుకాణం మెట్లెక్కడు. అటువంటి వారి రాకపోకల మీదనే మీ నెలసరి వాయిదా ఆధారపడి ఉన్నదని నేను చెప్పనవసరం లేదు.

పి.హెచ్.ను మన భూసార పరీక్షా పత్రాలలో 'ఉదజని సూచిక' అని వ్రాస్తారు. 1909లో డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్‌సెన్ దీనిని ప్రవేశపెట్టాడు. ఆయన పనిచేసినది కార్ల్స్‌బర్గ్ అనే బీరు తయారీ సంస్థవారి ప్రయోగశాలలో. బీరుబట్టీ పక్కన పుట్టిన కొలబద్ద నేడు పొలానికి, చెరువుకు, గాజుతొట్టికి కూడా అక్కరకు వచ్చింది! ఏడు తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అన్నంతవరకు అందరికీ తెలుసు. ఒక అంకె తేడా అంటే పది రెట్లు, రెండంకెలంటే నూరు రెట్లు అన్న సంగతిని మాత్రం చాలామంది మరచిపోతారు. భీమవరం, కైకలూరు ప్రాంతాల చెరువు రైతులు ఈ సూచికను ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసుకుంటారు. ఎండ వేళ నీటిలోని నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడం వలన అంకె పెరుగుతుందని వారికి అనుభవపూర్వకంగా తెలుసు. గాజుతొట్టికి కూడా రెండు కొలతలు కావాలి, అయితే కారణం వేరు.

ఆ కారణం పుదుచ్చేరి నీటిలోనే ఉన్నది. ఈ పట్టణం తాగేది భూగర్భ జలం. ఫ్రెంచివారి ఏలుబడిలో, మూడవ నెపోలియన్ కాలంలో, ముత్తిరపాళయం నుండి పట్టణానికి మంచినీరు తెచ్చారు. దానికి గుర్తుగా భారతి పార్కులో కట్టిన ఆయి మండపమే నేటి పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నం. ఒక నీటి వసతిని రాజముద్రగా చేసుకున్న ఊరు మరొకటి నాకు తెలియదు. నేడు ప్రజాపనుల శాఖవారు లోతైన బోరు బావుల నుండి తోడి, క్లోరిన్ కలిపి సరఫరా చేస్తున్నారు. సముద్రతీరాన ఉన్న వీధుల బోర్లలోకి ఉప్పునీరు చొరబడింది. లోపలికి, విల్లియనూరు వైపు వెళ్లిన కొద్దీ నీటి రుచి వేరు. కొన్ని ఇళ్లలో కుళాయి నీరు, కొన్నింట సొంత బోరు, మరికొన్నింట శుద్ధి యంత్రం నీరు. కనుక 'పుదుచ్చేరి నీరు' అనే ఒకే నీరు లేదు. ముత్యాలపేటలో ఒకరికి చెప్పిన కొలతను లాస్‌పేటలో మరొకరికి చెప్పడం సరికాదు. కొనుగోలుదారు దుకాణానికి రాగానే తొట్టి పొడవు ఎంత కావాలని కాక, ఇంట్లో ఏ నీరు వాడతారని దుకాణదారుడు ముందుగా అడగాలి.

భూమి లోపల ఒత్తిడిలో ఉన్న నీటిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా కరిగి ఉంటుంది. అది నీటిని కొంత ఆమ్లంగా చూపుతుంది. బయటకు వచ్చి గాలి తగిలిన తరువాత ఆ వాయువు వెళ్లిపోతుంది, సూచిక పైకి పోతుంది. కుళాయి దగ్గర పట్టిన నీరు 7.2 చూపి, మర్నాటికి 7.9 చూపడంలో వింత లేదు. మొదటి అంకెను నమ్మి చేపను ఎంచినవాడు మోసపోతాడు. కనుక శుభ్రమైన బకెట్టులో నీరు పట్టి, గాలి రాయి వేసి, ఇరవైనాలుగు గంటలు ఉంచి రెండవసారి కొలవండి. మీ తొట్టి నీటి నిజమైన సూచిక అదే. ఆ ఒక్కరోజులో క్లోరిన్ కూడా చాలావరకు పోతుంది. ఓపిక లేనివారు సోడియం థయోసల్ఫేట్ పలుకులు వాడవచ్చు. అవి క్లోరిన్‌ను విరుస్తాయే గాని ఉదజని సూచికను చక్కదిద్దవు.

ఇక సూచికను దించే చుక్కల మందు సంగతి. నిమ్మరసం, వెనిగర్ పోసేవారూ ఉన్నారు. మన బోరు నీటిలో బైకార్బొనేట్ లవణాలు ఉంటాయి. నీరు కాచే గిన్నె అడుగున తెల్లని పొర కట్టేది వీటివల్లనే. పోసిన ఆమ్లాన్ని ఇవి మింగివేస్తాయి. సాయంత్రం ఏడు చూపిన నీరు తెల్లవారేసరికి మళ్లీ ఎనిమిదికి చేరుతుంది. దున్నపోతు మీద వాన కురిసినట్లే. దానితో విసిగి రెండింతలు పోస్తారు. ఆ లవణాలు ఉన్నంతసేపు మార్పు కనిపించదు, అవి నిండుకున్న క్షణాన సూచిక ఒక్కసారిగా కూలిపోతుంది. స్థిరంగా ఉన్న ఎనిమిదిని చాలా చేపలు ఓర్చుకుంటాయి. రాత్రికి ఏడు, పొద్దునకు ఎనిమిది అంటే ఓర్చుకోలేవు. చేపను చంపేది అంకె కాదు, అంకె గంతులు వేయడం. ఫాస్ఫేటు కలిసిన మందులైతే అదనంగా నాచును కూడా పెంచుతాయి.

నీటిని నిజంగా మెత్తబరచవలసి వస్తే మార్గం ఆమ్లం కాదు, లవణాలు తక్కువగా ఉన్న నీటిని కలపడం. ఈశాన్య ఋతుపవనాల వల్ల అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఇక్కడ వానలు పడతాయి. డాబా మీది మొదటి వాన నీటిని వదిలివేసి, తరువాతి నీటిని పట్టి నిలువ చేసుకోవచ్చు. శుద్ధి యంత్రం నీరైనా సరే. మూడు పాళ్లు కుళాయి నీరు, ఒక పాలు వాన నీరు అని నిర్ణయించుకుంటే ప్రతి మార్పిడిలోను అదే పాళ్లు తప్పక పాటించాలి. ఎండిన బాదం ఆకులు వేస్తే నీరు తేనె రంగు తిరిగి కొంత ఆమ్లగుణం పొందుతుందన్నది నిజమే గాని, కఠిన జలంలో ఆ ప్రభావం స్వల్పం. ఆకులు ఉచితంగా దొరుకుతాయి కనుక నేను అభ్యంతరం చెప్పను.

ఎనిమిది ఉన్నా భయమే లేదని నేననడం లేదు. కొత్త తొట్టిలో భయం ఉన్నది, దాని పేరు అమ్మోనియా. చేప మొప్పల నుండి, తినక మిగిలిన మేత కుళ్లడం నుండి ఇది పుడుతుంది. నీటిలో ఇది రెండు రూపాలలో ఉంటుంది: అంతగా హాని చేయని అమ్మోనియం, మొప్పలను కాల్చే అమ్మోనియా. 25 డిగ్రీల వేడిమిలో, సూచిక ఏడు ఉన్నప్పుడు మొత్తంలో నూటికి ఒక పాలు కన్న తక్కువే విషరూపంలో ఉంటుంది. ఎనిమిదిలో అది నూటికి అయిదు పాళ్లు దాటుతుంది, తొమ్మిదిలో మూడోవంతును మించుతుంది. మన వేసవి వేడికి ఇది ఇంకా పెరుగుతుంది. అంటే అదే తొట్టి, అవే చేపలు, అదే మేత అయినా క్షార జలంలో ప్రమాదం ఎన్నో రెట్లు. ఇది విన్న వెంటనే ఆమ్లం సీసా కోసం చేయి చాపుతారు. నా సలహా వేరు. విషాన్ని పుట్టించే చేపల సంఖ్యను తగ్గించండి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో అంచు దాకా పోస్తే పట్టేది 56 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలిన జాగా పోగా నలభై అయిదు మిగిలితే గొప్ప. దానిలో మొదటి రోజే ఇరవై చేపలు వేసి, పక్కన మూడు మందు సీసాలు పెట్టి పంపిన దుకాణాన్ని నేను చూశాను. మొదట నాలుగైదు గప్పీలు చాలు. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. నైట్రైటు కూడా విషమే కనుక మధ్యలో తొందరపడరాదు. దుకాణంలో బాగా నడుస్తున్న తొట్టి ఫిల్టరు నుండి పిండని స్పాంజి ముక్క ఒకటి కొనుగోలుదారుకు ఇస్తే ఈ గడువు బాగా తగ్గుతుంది. వ్యాపారికి దాని ఖరీదు దాదాపు శూన్యం. అయితే రోగమున్న తొట్టి నుండి ఇవ్వకూడదు.

సంచి విప్పే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఇక్కడ అలవాటు కొంత తప్పుగా ఉన్నది. మన వ్యాపారులకు సరుకు చెన్నై కొళత్తూరు నుండి వస్తే మూడు నాలుగు గంటలు, కలకత్తా నుండి వస్తే ఒక రోజుకు పైగా ప్రయాణం. మూసిన సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు పేరుకొని సూచిక పడిపోతుంది. దానివలన పేరుకున్న అమ్మోనియా హానిచేయని రూపంలోనే ఉండిపోతుంది. ఒక విధంగా ఆ ఆమ్లమే చేపను దారిలో కాపాడింది. సంచి విప్పగానే వాయువు వెళ్లిపోతుంది, సూచిక పెరుగుతుంది, అమ్మోనియా విషరూపం దాలుస్తుంది. కనుక దూరప్రయాణపు సంచిని విప్పి గంటల తరబడి చుక్కచుక్కగా నీరు కలుపుతూ కూర్చోవడం మేలు కన్న కీడే చేస్తుంది. మూసిన సంచిని పదిహేను ఇరవై నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, వేడిమి సమానమైన తరువాత విప్పి, వెంటనే చేపలను వలతో తీసి సిద్ధంగా ఉంచిన నీటిలో వదలండి. సంచి నీటిని తొట్టిలో పోయవద్దు. దుకాణం నుండి ఇంటికి అరగంట దారి అయితే మాత్రం కొద్దికొద్దిగా నీరు కలుపుతూ అలవాటు చేయడంలో తప్పు లేదు.

చేపల ఎంపికకు వస్తే, ప్రకృతి మనకు అన్యాయం చేయలేదు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ వంటి పిల్లలు పెట్టే జాతులు కఠిన, క్షార జలాన్ని ఇష్టపడతాయి. మోలీ కొంత ఉప్పును కూడా సహిస్తుంది, కనుక తీరం దగ్గర ఇళ్లకు అది మంచి ఎంపిక. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లకు ఎనిమిది పైన ఉన్న నీరే స్వస్థలం. గోల్డ్‌ఫిష్‌కు మన నీరు పనికివస్తుంది గాని అది తినేదీ, విసర్జించేదీ ఎక్కువ, కొత్త తొట్టికి మొదటి చేపగా తగదు. అమెజాన్ ప్రాంతపు మెత్తని నీటి జాతులైన నియాన్ టెట్రా, డిస్కస్‌లను పాత తొట్టి, వాన నీటి నిలువ, అనుభవం మూడూ ఉన్నవారికి అమ్మండి. అందం కోసం బీచిలో ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు తొట్టిలో వేసేవారు అవి మెల్లగా కరిగి సూచికను పెంచుతాయని తెలుసుకోవాలి. పెరట్లో సిమెంటు తొట్టెలు కట్టించిన ఋణగ్రహీతలకు ఇదే హెచ్చరిక మరింత గట్టిగా చెబుతాను. కొత్త సిమెంటు నుండి దిగే సున్నానికి సూచిక తొమ్మిది దాటడం మామూలే. పలుమార్లు నీరు నింపి, కొన్ని రోజులు ఉంచి, పారబోసి, అంకె నిలకడకు వచ్చిన తరువాతనే తల్లిచేపలను కొనండి.

బ్యాంకు వైపు నుండి ఒక మాట. 2018-19 బడ్జెటులో కిసాన్ క్రెడిట్ కార్డును చేపల పెంపకందారులకు కూడా విస్తరించారు. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల వ్యయం చూపారు. ఈ ప్రతిపాదనలు మా బల్ల మీదికి వచ్చినప్పుడు షెడ్డు కొలతలు, తొట్టెల సంఖ్య, మోటారు కొటేషను అన్నీ వివరంగా ఉంటాయి. 'నీటి వసతి' అన్న గడిలో మాత్రం 'కలదు' అన్న ఒక్క మాట. కలదు సరే, ఎటువంటిది? మొదటి రోజు సూచిక, రెండవ రోజు సూచిక, కఠినత్వం, మొత్తం లవణాలు: ఈ నాలుగు అంకెలు లేనిదే అలంకార చేపల ప్రతిపాదనను ముందుకు పంపరాదని నా అభిప్రాయం. కాగితాల భారం పెరుగుతుందని సహోద్యోగులు కొందరు అంటారు. ఒక సంచి చేపల ఖరీదుతో పోల్చితే ఆ పరీక్షల ఖర్చు తక్కువే.

వ్యాపారులు కూడా ఒక అభ్యంతరం చెబుతారు. తొట్టి ఈరోజు తీసుకొని చేపలకు వచ్చేవారం రమ్మంటే, పిల్లవాడిని వెంటబెట్టుకొని వచ్చిన తండ్రి పక్క దుకాణానికి పోతాడని. కొందరు పోతారు. కాని తొట్టి, ఫిల్టరు, ఇసుక అమ్మకం ఈరోజే జరిగిపోయింది. వచ్చేవారం నాలుగు చేపలు, ఆ పైనెల మరి ఆరు అంటే అదే మనిషి మూడుసార్లు మీ దుకాణానికి వస్తాడు. దుకాణం నీటి సూచికను పలక మీద రోజూ వ్రాసి పెట్టండి, ఇంటి నీటిని సీసాలో తెస్తే ఉచితంగా పరీక్షించి చెబుతామని దాని కిందనే వ్రాయండి. యానాంలో ఈ పత్రిక చదివే వ్యాపారులు మాత్రం పైన చెప్పిన అంకెలను యథాతథంగా తీసుకోవద్దు. మీది గోదావరి తీరం, నదీజలం వాడే ఇంటికి, బోరు నీరు వాడే ఇంటికి విడివిడిగా ఒక బకెట్టు నీరు పట్టి మర్నాడు కొలిచి చూసుకోండి.