తప్పు చెప్పినా మళ్లీ అడిగే ఆట



మా రూములో నలుగురం ఒకే ఫోన్‌లో 'ప్రొఫెసర్ లేటన్ అండ్ ది క్యూరియస్ విలేజ్' అనే ఆట మొదలుపెట్టి వారమైంది. 2007లో జపాన్‌లో నింటెండో డీఎస్ అనే రెండు తెరల చేతి మెషిన్ కోసం లెవెల్-5 కంపెనీ చేసింది. 2018లో ఫోన్లకు వచ్చింది. ఒక ప్రొఫెసర్, ల్యూక్ అనే పిల్లాడు ఒక ఊరికి వస్తారు. అక్కడ ఎవర్ని పలకరించినా ముందు ఒక చిక్కు ప్రశ్న వేస్తారు. అట్లాంటివి వంద పైనే ఉన్నాయి. కథ మాత్రం కొంచెం నత్తనడకే.

మాకు నచ్చింది ఏంటంటే, ప్రశ్నకు గడియారం లేదు. తప్పు చెప్తే కొన్ని పాయింట్లు తగ్గుతాయి, అంతే. ఎన్నిసార్లైనా మళ్లీ చేయొచ్చు. ఊళ్లో వెతికి దొరికించుకున్న నాణేలతో ఒక్కో ప్రశ్నకు మూడు సూచనల దాకా కొనుక్కోవచ్చు. కోచింగుల్లో ఇవే ప్రశ్నలు నిమిషంలో చేయాలి, లేకపోతే "మీవాళ్లకు రీజనింగ్ రాదు" అంటారు. ఆ మాట మనలో చాలామంది విన్నదే.

ఏడో ప్రశ్న చూడండి. మూడు తోడేళ్లు, మూడు కోడిపిల్లలు ఏరు దాటాలి. తెప్ప మీద రెండే పడతాయి. ఏ ఒడ్డున తోడేళ్లు ఎక్కువైనా పిల్లల్ని తినేస్తాయి. మన పులి, మేక, గడ్డిమోపు కథకు ఇది చుట్టమే. ఇంగ్లీషులో చదివినప్పుడు రూములో ఎవరూ కదల్లేదు. ఒకడు కోయలో చెప్పాడు. అంతే, అగ్గిపుల్లలు, చింతగింజలు పరిచి గొడవ మొదలు! మధ్యలో ఒకసారి, అవతలికి చేర్చినవాటిలో ఒక తోడేలు, ఒక పిల్ల మళ్లీ వెనక్కి రావాలి. అది పట్టింది మాలో ఇంగ్లీషంటే అందరికంటే ఎక్కువ భయపడే తమ్ముడు.

మరి పరీక్షలో వాడికి రానిది రీజనింగా, ఆ ప్రశ్న రాసిన భాషా? మాకైతే భాషే అనిపిస్తోంది. పైగా ఈ ఆటలో చాలా ప్రశ్నల కిటుకు వాక్యంలోనే దాక్కుని ఉంటుంది. ఒక్క మాట తెలియకపోతే లెక్క వచ్చినా జవాబు రాదు.

ఆట కొనమని చెప్పట్లేదు. ఇంటి దగ్గర అవ్వలు, తాతలు వేసే పొడుపు కథలు సెలవుల్లో రాసుకుని రండి. కోయ, గోండి, కువి, లంబాడీ, ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే తెలుగు లిపిలో ఇక్కడ పెడదాం. తోడేళ్లది ఈ ఆదివారం మేం కోయలో పెడతాం. సోమవారం రాత్రి దాకా జవాబు ఎవరూ చెప్పొద్దు.