వంగే పాదానికి బిగింపు ఎందుకు?

నడివయసులో పాదపు వంపు కుంగి, మడమ బయటివైపునకు వాలిన రోగిని మొదటిసారి చూసినప్పుడే ‘కీళ్ళు కలిపేద్దాం’ అని చెప్పే ధోరణి నాకు ఎంతమాత్రమూ సమ్మతం కాదు. ఫ్యూజన్ అనే ఈ శస్త్రచికిత్సలో కీలులోని మృదులాస్థిని తొలగించి, ఎముకలను స్క్రూలతో బిగించి, ఒకే ఎముకగా అతికేలా చేస్తారు. పోయిన కదలిక మళ్ళీ రాదు.

పెద్దల్లో ఈ వైకల్యం చాలావరకు చీలమండ లోపలి పక్కగా దిగి వంపును మోసే టిబియాలిస్ పోస్టీరియర్ స్నాయువు క్షీణించడం వల్ల వస్తుంది. 1989లో జాన్సన్, స్ట్రోమ్ దీనిని మూడు దశలుగా వర్గీకరించారు. నాలుగవది తరువాత చేరింది. రెండవ దశలో పాదం ఎంత వాలినా చేతితో పట్టి సరిచేస్తే దారికి వస్తుంది. మూడవ దశలో రాదు, బిగుసుకుపోయి ఉంటుంది. ఈ భేదం తెలియడానికి యంత్రాలు అక్కరలేదు. రోగిని ఒంటికాలిపై నిలబెట్టి మడమ ఎత్తమంటే స్నాయువు బలం, పాదాన్ని చేతిలోకి తీసుకుని కదిలిస్తే కీళ్ళ సంగతి తెలుస్తాయి. ఆ రెండు నిమిషాల ఓపిక లేనివారు మూడు కీళ్ళను శాశ్వతంగా మూయడానికి ఎలా సాహసిస్తున్నారు?

‘మూడూ కాదు, ఒక్కటే’ అని కొందరు సర్దిచెబుతారు. టాలస్, నావిక్యులర్ ఎముకల మధ్య కీలు ఒక్కటి మూసినా తక్కిన రెండింటి కదలిక దాదాపు పోతుంది. పొలం గట్టు మీద, గులకరాళ్ళ బాటలో నేల వాలుకు తగినట్లు పాదం ఒదిగేది ఈ కీళ్ళ వల్లనే. ఇవి మూసుకుపోతే ఆ ఒత్తిడి చీలమండపై పడి, ఏళ్ళు గడిచాక అదీ అరగవచ్చు. కొన్ని వారాలు కాలు నేల మోపరాదన్న నిబంధన కూలికి వెళ్ళే స్త్రీకి ఏమిటో వేరే చెప్పాలా?

వంగే పాదానికి ఇన్‌సోల్, చీలమండ పట్టీ, పిక్క వ్యాయామాలు, బరువు తగ్గడం కొన్ని నెలలు శ్రద్ధగా ప్రయత్నించాలి. అవి చాలకపోతే మడమ ఎముకను కోసి లోపలికి జరిపి, కాలివేళ్ళను వంచే స్నాయువును చెడినదాని స్థానంలో అమర్చే పద్ధతి ఉంది. ఆ శస్త్రచికిత్సకు నైపుణ్యం ఎక్కువ కావాలి, నిజమే. అది రోగి తప్పు కాదు.

బిగుసుకుపోయి, అరిగి, అడుగడుగునా నొప్పించే పాదానికి ఫ్యూజన్ న్యాయమైన చికిత్స. అటువంటివారికి ఏళ్ళ తరబడి ఇన్‌సోళ్ళు అమ్మేవారినీ నేను క్షమించను. అయితే పొగతాగేవారిలో, చక్కెర అదుపులో లేనివారిలో ఎముక అతకకపోయే ప్రమాదం ఎక్కువ. ముందు వాటిని చక్కదిద్దాలి.

మీ పాదాన్ని చేతితో తాకి చూడకుండా, నిలబడి ఉండగా ఎక్స్‌రే తీయించకుండా ఎవరైనా ఆపరేషన్‌కు తేదీ ఇస్తే, ఆ తేదీని అంగీకరించకండి.