తెలుగులో చూస్తే తక్కువా?

మన హాస్టల్‌లో క్రికెట్ తర్వాత ఎక్కువ వాదనలు జరిగేది ‘డీమన్ స్లేయర్’ మీదే. 2019లో మొదలైన ఈ జపాన్ యానిమే సీరియల్‌ను జపనీస్ మాటలతో, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూసేవారు ఒక జట్టు. డబ్బింగ్ కావాలనేవారు ఇంకో జట్టు. మొదటి జట్టు రెండో జట్టును చూసి నవ్వడం మామూలైపోయింది. ఆ నవ్వు గురించే మేము నాలుగు మాటలు రాస్తున్నాం.

కథ తెలియని పూర్వ విద్యార్థుల కోసం క్లుప్తంగా: బొగ్గులమ్ముకునే తంజిరో ఇంటికి వచ్చేసరికి రాక్షసుడు అతని కుటుంబాన్ని చంపేసి ఉంటాడు. బతికిన చెల్లెలు నెజుకో రాక్షసిగా మారుతుంది. ఆమెను మళ్లీ మనిషిని చేయాలని అన్న పడే పాట్లే కథ. రక్తపాతం ఎక్కువ కనుక చిన్న తరగతుల తమ్ముళ్లకు పనికిరాదు.

అసలు భాషలోనే చూడాలనేవారి మాటలో నిజం ఉంది. తంజిరోకు గొంతునిచ్చిన నత్సుకి హనాయే ఏడిస్తే, భాష రాకపోయినా మన గొంతు పట్టేస్తుంది. ఇనోసుకే తనను తాను ‘ఒరెసామా’ అనుకుంటాడు. అంటే ‘నేను గారు’ అన్నట్టు! ఆ పొగరు ఇంగ్లీషు ‘ఐ’లో ఎలా వస్తుంది?

అక్కడే ఇంకో సంగతి బయటపడుతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్ కూడా అనువాదమే. జపనీస్‌లో అక్కకు, చెల్లెలికి వేర్వేరు మాటలున్నాయి, మనకూ ఉన్నాయి. ఇంగ్లీషులో ఇద్దరూ ‘సిస్టరే’. వాళ్లు పేరు చివర ‘సాన్’ చేరుస్తారు, మనం ‘గారు’ అంటాం. రెండు భాషల్లోనూ క్రియ వాక్యం చివరనే వస్తుంది. ‘నిన్ను చంపను’ అనే మాటలో ఆ ‘ను’ పడేదాకా ఊపిరి బిగబట్టాలి. ఇంగ్లీషులో ‘నాట్’ ముందే వచ్చేస్తుంది. శ్రద్ధగా చేస్తే తెలుగు డబ్బింగే అసలుకు దగ్గర. పాత్రలన్నిటి చేతా ఒకేలా పుస్తక భాష మాట్లాడిస్తే మాత్రం చెడుతుంది.

2025 సెప్టెంబరు 12న ఈ కథలోని ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ సినిమా మన థియేటర్లకు తెలుగులోనూ వచ్చింది. అది మనకు దక్కిన గౌరవమే కదా!

మిత్రులారా, ఎవరైనా నవ్వుతారేమోనని, అర్థం కాకపోయినా సబ్‌టైటిల్స్ ముందు కూర్చునేవారు మనలో ఉన్నారు. తెలుగు మీడియం వాళ్లని బయట ఎవరైనా చులకన చేస్తే బాధపడే మనం, మన గదుల్లో అదే పని చేయవచ్చా? ఇంగ్లీషు తప్పక నేర్చుకుందాం. దాని కోసం తెలుగును చూసి సిగ్గుపడనక్కరలేదు. కథ కోసం ఒకసారి తెలుగులో, గొంతుల కోసం మరోసారి జపనీస్‌లో చూద్దాం. కలిసి చూద్దాం.