బొమ్మలో లేని మనిషి

తెలుగు మేష్టరుకు తప్పని చాకిరీలు కొన్ని వున్నాయి. శుభలేఖ రాయడం ఒకటి. వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ పేరు వెతికిపెట్టడం రెండవది. మూడవదొకటి వుందని పోయిన ఆదివారందాకా నాకు తెలియదు. అది ఫోటోల కింద తమాషా మాటలు రాయడం.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో ఏదో ప్రదర్శనట. ఈ పిల్ల "తమాషా రైళ్లు" అని పేరు పెట్టి, ఎక్కడెక్కడి ఫోటోలో కంప్యూటరులో వెతికి, అచ్చు తీయించి, ఆల్బమ్‌లో అంటించింది.

"నాన్నా, ఒక్కొక్కదాని కింద నవ్వొచ్చేట్టు ఒక ముక్క రాసిపెట్టు. నువ్వు ఎమ్మే తెలుగు కదా!" అన్నది.

ఎమ్మే తెలుగుకూ నవ్వుకూ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. కాని కూతురు అడిగితే కాదనే తండ్రి ఎవరు చెప్పండి? కళ్లజోడు సవరించుకుని కూర్చున్నాను. పక్కన మడతకుర్చీలో మా అమ్మ కూడా చేరింది.

మొదటి ఫోటో థాయ్‌లాండ్‌లోని మేక్లాంగ్ అనే వూరిది. అక్కడ రైలు పట్టాలమీదనే కూరగాయల బజారు! కూరలూ, చేపలూ, పళ్లూ పట్టాలను ఆనుకుని పరిచి వుంటాయి. రైలు వచ్చే వేళకు గంట మోగుతుంది. కొట్లవాళ్లు నెమ్మదిగా లేచి, పైనున్న గుడ్డ పందిళ్లు వెనక్కు మడిచి, బుట్టలు జానెడు అవతలకు జరుపుతారు. రైలు కూడా పెళ్లినడక నడుస్తూ వస్తుంది. నేలబారుగా పరిచిన సరుకును కొందరు కదపనే కదపరు. రైలు దానిమీదుగానే పోతుంది. అది దాటిపోగానే పందిళ్లు మళ్లీ దిగుతాయి, బేరాలు మళ్లీ మొదలవుతాయి. ఆ బజారును అక్కడివాళ్లు "గొడుగులు ముడిచే బజారు" అంటారు.

అమ్మ ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "ఆ బుట్టలో వంకాయలేనా?" అని ఒకటే నవ్వు. నేను దాని కింద, "రైలుగారూ, కిలో ఇవ్వమంటారా?" అని రాశాను. అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు కాస్త కిక్కెక్కింది.

రెండవ ఫోటో మీలో చాలామంది చూసే వుంటారు. పారిస్ నగరంలో మోంపార్నాస్ స్టేషను. మేడమీది గోడకు పెద్ద కన్నం. అందులోనుంచి ఇంజనొకటి బయటికి వచ్చి, తోక పైనే వదిలి, ముక్కు వీధిలో ఆనించి, శీర్షాసనం వేసినట్టు నిలబడి వుంటుంది. ఎవరో బొమ్మ రైలును గోడకు ఆనించి పోయినట్టే కనిపిస్తుంది. 1895 అక్టోబరు 22న, సాయంకాలం నాలుగు గంటల వేళ జరిగింది. గ్రాన్‌విల్ నుంచి వస్తున్న ఎక్స్‌ప్రెస్సు కొద్ది నిమిషాలు ఆలస్యమయింది. ఆ కాస్తా కలిసివస్తుందని డ్రైవరు జోరుగా తోలుకొచ్చాడు. బ్రేకు పట్టలేదు. గార్డు కాగితాల పనిలో మునిగివుండి, తన చేతిబ్రేకు వేళకు వేయలేకపోయాడు. ఇంజను ప్లాట్‌ఫారం చివరి అడ్డును పొడిచేసి, దాదాపు 30 మీటర్ల హాలు దాటి, 60 సెంటీమీటర్ల మందపు గోడ చీల్చుకుని, 10 మీటర్ల కింద వీధిలో పడింది.

నాకు మాట చటుక్కున తోచింది. "ఆలస్యానికి క్షమాపణ చెప్పుకోవడానికి స్వయంగా వీధిలోకి దిగివచ్చిన ఇంజను" అని రాసి, మావాళ్లకు చదివి వినిపించాను. అమ్మాయి పడీ పడీ నవ్వింది. వంటింట్లోనుంచి మా ఆవిడ నవ్వు కూడా వినిపించింది.

అమ్మ నవ్వలేదు. ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, "కింద ఎవరూ లేరు కదరా?" అన్నది.

మీతో అబద్ధం ఎందుకు? ఈ ఫోటోను పుస్తకాల్లో, పత్రికల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒక్కసారైనా నాకా ప్రశ్న తోచలేదు.

అమ్మాయి వెతికింది. బండిలో వున్నవారు 131 మంది. ప్రయాణికుల పెట్టెలు పైనే నిలిచిపోవడంవల్ల వాళ్లలో ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కొందరికి దెబ్బలు తగిలాయి, అంతే. చనిపోయింది ఒక్క మనిషి. అదీ రైలెక్కని మనిషి. కింద వీధిలో వార్తాపత్రికలు అమ్ముకునే కొట్టు వుంది. కొట్టు ఆమె భర్తది. అతను సాయంకాలం పత్రికలు తేవడానికి వెళితే, ఆ కాసేపూ ఈమె వచ్చి కూర్చుంది. గోడ రాళ్లు విరిగి ఆమె మీద పడ్డాయి. ఇద్దరు పిల్లల తల్లి. దహనసంస్కారాలకు కాదు గాని, ఖననానికయిన ఖర్చును రైలు కంపెనీ భరించింది, పిల్లలకు కొంత భృతి ఇచ్చింది. డ్రైవరుకు పడిన జరిమానా 50 ఫ్రాంకులు, గార్డుకు 25.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మీ నాన్నగారు సరుకు తేవడానికి పట్నం వెళ్లినప్పుడల్లా కొట్లో నేనేగా కూర్చునేదాన్ని" అన్నది.

స్టేషను వీధిలో మా నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు వుండేది. ఆ గల్లాపెట్టె పక్కన అమ్మ కూర్చునివుండడం నాకు బాగా గుర్తు. నేను కలం మూత పెట్టేశాను.

మూడవ ఫోటోకు మాట ముందే రాసేసుకున్నాను. ఎదురెదురుగా వచ్చి రెండు ఇంజన్లు ఢీకొంటున్న ఫోటో అది. "వియ్యంకుల ఆలింగనం" అని నా చమత్కారం. ఈసారి అమ్మాయి తనంతట తానే వెతికింది. 1896 సెప్టెంబరు 15న, అమెరికాలోని టెక్సస్‌లో, క్రష్ అనే రైల్వే ఉద్యోగి తమ కంపెనీ ప్రచారానికి ఈ వేడుక ఏర్పాటు చేశాడు. మనుషులు లేకుండా రెండు రైళ్లను ఒకే పట్టామీద ఎదురెదురుగా వదలడం! చూడడానికి సుమారు 40,000 మంది వచ్చారు. ఏమీ కాదన్నారు. కాని రెండు బాయిలర్లూ పేలి, ఇనుప ముక్కలు జనంమీద రాలాయి. ఇద్దరైనా చనిపోయారు. ఫోటోలు తీయడానికి కుదుర్చుకున్న జార్విస్ డీన్‌కు ఒక కన్ను పోయింది.

"అయితే మామ్మా, ఇంక నవ్వకూడదా?" అన్నది అమ్మాయి, ఏడుపుమొహం పెట్టి.

"నవ్వండర్రా, ఎవరు వద్దన్నారు? కింద ఎవరూ లేరని చూసుకుని నవ్వండి" అన్నది అమ్మ.

వియ్యంకులను కొట్టేశాను. పారిస్ ఫోటో కింద నా మాట చెరిపి, అమ్మాయే తన గుండ్రటి అక్షరాలతో రాసుకుంది: "భర్తకు బదులు కొట్లో కూర్చున్న ఒక అమ్మ ఇక్కడ చనిపోయింది. ఆమె ఈ ఫోటోలో లేదు."

ఎమ్మే చదివినవాణ్ణి, అందులో దిద్దడానికి నాకు ఒక్క అక్షరం కనిపించలేదు.

ఆల్బమ్‌కు బహుమతి వస్తుందో రాదో తెలియదు. అమ్మ మాత్రం రోజూ మొదటి పేజీ తెరిపించుకుని, రైలు పక్కనున్న ఆ వంకాయల బుట్ట భద్రంగా వుందో లేదో చూసుకుంటోంది.